పీ బేసా, జే బేసా: బ్యాండ్‌లో వాయించడానికి ఏది మేలు?

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు తెలుగు చర్చిలోనో, ఆఫీసు బ్యాండ్‌లోనో వాయించేవాళ్లు మొదటి బేస్ గిటార్ కొనేటప్పుడు ఆగిపోయేది ఇక్కడే: ప్రెసిషన్ (పీ) తరహాదా, జాజ్ (జే) తరహాదా? నా ఓటు పీ బేస్‌కే.

ముందు పికప్, అంటే తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం, ఉన్న చోటు చూడాలి. తీగ బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే ముక్క) దగ్గర బిగిసి ఉంటుంది కాబట్టి అక్కడ ఊపు తక్కువ. ఆ పక్కనే పెట్టిన పికప్‌కు అసలు స్వరం కొంచెమే అందుతుంది, దానితో కలిసి మోగే పై హార్మోనిక్స్ (హెచ్చు స్థాయి ధ్వనులు) ఎక్కువ వినిపిస్తాయి. శబ్దం సన్నగా, కరుగ్గా ఉన్నా ప్రతి స్వరం విడిగా తెలుస్తుంది. పికప్ నెక్ (ఎడమచేత్తో పట్టుకునే మెడ భాగం) వైపు జరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, ఆ స్పష్టత తగ్గుతుంది.

1957లో ఫెండర్ కంపెనీ తన ప్రెసిషన్‌కు రెండు ముక్కల పికప్ పెట్టింది. ఒక్కో ముక్క రెండు తీగలకు. రెండూ ఒకదానికొకటి వ్యతిరేకంగా పనిచేయడంతో కరెంటు హమ్మింగ్ రద్దవుతుంది. ఉన్న చోటు కూడా నెక్‌కూ బ్రిడ్జికీ నడుమ, కాబట్టి బరువూ స్పష్టతా రెండూ అందుతాయి. బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ అమెరికన్ రికార్డు కంపెనీ మోటౌన్ పాటల్లో వాయించింది ఈ రకమే.

1960లో వచ్చిన జాజ్ బేస్‌లో రెండు సింగిల్ కాయిల్స్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్‌లు): ఒకటి నెక్ వైపు, ఒకటి బ్రిడ్జి వైపు. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే హమ్మింగ్ పోతుంది గానీ, మధ్యస్థాయి ఫ్రీక్వెన్సీలు కొన్ని కూడా పోతాయి. గదిలో ఒంటరిగా వింటే ఆ టోన్ ఎంతో బావుంటుంది. డ్రమ్స్, రెండు గిటార్లు, పైగా ఎడమచేతిని ఖాళీగా ఉంచని కీబోర్డ్ అన్న తోడైతే మాత్రం మీ బేస్ ఎక్కడుందో వెతుక్కోవాలి. నెక్ పికప్ వాల్యూమ్ కాస్త తగ్గించండి, మళ్లీ వినపడుతుంది. జాజ్ బేసిస్ట్ జాకో పాస్టోరియస్ ఎక్కువగా బ్రిడ్జి పికప్ మీదే ఆధారపడ్డాడు. అయితే అది ఒక్కటే తెరిస్తే పీజీ గదిలో లైట్ డిమ్మర్, కంప్యూటర్ పక్కన ‘జుం’ అంటూనే ఉంటుంది.

1976 నాటి మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే సంగతి వేరు. దాని పికప్ బ్రిడ్జి దగ్గరే ఉన్నా పెద్ద హంబకర్ (హమ్మింగ్ రద్దు చేసే రెండు చుట్టల పికప్), బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (సిగ్నల్ పెంచే సర్క్యూట్) కలిసి లోటు పూడుస్తాయి. స్లాప్ (తీగల్ని బొటనవేలితో కొట్టి వాయించే పద్ధతి) వాయించేవాళ్లకు అదే నచ్చవచ్చు.

ఇంట్లో రికార్డింగ్ చేసుకుంటూ రకరకాల టోన్లు కావాలంటే జే బేస్ తీసుకోండి. రెండూ ఒక్కదాంట్లోనే కావాలని పీజే (పీ పికప్‌తో పాటు బ్రిడ్జి దగ్గర జే పికప్ ఉన్న బేస్) కొంటే ఒకటి గమనించండి: దాని బ్రిడ్జి పికప్ తరచుగా పీ పికప్ ముందు నీరసంగా ఉంటుంది. షాపులోనే రెండూ విడివిడిగా విని, అవసరమైతే స్క్రూ తిప్పి పికప్ ఎత్తు సరిచేయమనండి.