ఆ ‘వద్దు’ ఎప్పటి మాట? అనోరెక్సియా చికిత్సలో ఏది మేలు?

బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు అనోరెక్సియాతో చిక్కి శల్యమైన కూతురు ఎంత వద్దన్నా ముక్కుగొట్టం వేయించి ఆహారం ఎక్కించడం న్యాయమా, లేక ఆమె మాటను మన్నించాలా అని తల్లిదండ్రులు పదేపదే అడుగుతున్నారు.

మన్నించాలనే వాదం తేలికగా తీసిపారేయదగ్గది కాదు. ఒకరి నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన వారికి నిర్ణయించుకునే సామర్థ్యం లేదనరాదని మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. నలుగురు కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోగా గొట్టం దించితే, ఆ తర్వాత మళ్లీ ఆసుపత్రి గడప తొక్కనివారూ ఉంటారు. పైగా, శుష్కించిన శరీరానికి ఒక్కసారిగా ఆహారం అందితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె లయ తప్పవచ్చు గనుక బలవంతపు వైద్యంలోనూ తొందర పనికిరాదు.

అయినా నేను ముందుగా చూసేది, ఆ ‘వద్దు’ అన్న మాట ఏ స్థితిలో వచ్చిందన్నదే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలల పాటు అర్ధాకలితో ఉంచినప్పుడు, వారిలో దిగులూ చిరాకూ పెరిగాయి. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, పళ్లేలు నాకారు, తిండి తప్ప వేరే ధ్యాస లేనివారయ్యారు. ఏ జబ్బూ లేనివారినే ఆకలి అంతగా మార్చినప్పుడు, అనోరెక్సియా రోగి నోట వచ్చే నిరాకరణ పూర్తిగా ఆమెదేనని నేను అనుకోలేను.

ఇంగ్లండులో 2012లో ‘ఇ’ అనే 32 ఏళ్ల మహిళ చికిత్స వద్దని ముందే సంతకం చేసిన పత్రాన్ని, సంతకం చేసేనాటికే ఆమెకు సామర్థ్యం లేదని న్యాయమూర్తి పక్కనపెట్టి, ఆహారం ఎక్కించడానికి అనుమతించారు. 2014లో ‘ఎక్స్’ అనే మహిళ విషయంలో మాత్రం, కాలేయ జబ్బు కూడా చివరి దశకు చేరినందున, సామర్థ్యం లేకపోయినా బలవంతం ఆమెకు మేలు చేయదని మరో న్యాయమూర్తి తేల్చారు. ఏళ్ల తరబడి ఎన్నోసార్లు బలవంతపు చికిత్స పొందినా ఫలితం లేనివారి విషయంలో ఈ రెండో తీర్పే నాకు సబబనిపిస్తుంది. నయం చేసే ప్రయత్నం మాని బాధను మాత్రం తగ్గించే ఉపశమన చికిత్సతో సరిపెట్టడమనేది, జబ్బు కొత్తగా మొదలైన పిల్లల విషయంలో ఆలోచించనే కూడదు.

మిగిలినవారికి ముందు ఆహారమే మేలని నా అభిప్రాయం. ఇద్దరు నిపుణులు వేర్వేరుగా పరీక్షించిన మీదట 30 రోజుల వరకు ఆసుపత్రిలో చేర్చుకునే వీలు మన 2017 చట్టం 89వ సెక్షన్‌లో ఉంది. ఆ గడువులో కాస్త కోలుకున్న మనిషిని కూర్చోబెట్టుకుని మళ్లీ అడగాలి. మున్ముందు తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో చెబుతూ అప్పుడు ఆమె రాసి ఇచ్చే ముందస్తు ఆదేశానికి నేను తలవంచుతాను.