వేడి చెప్పే ముల్లు: మా 2007 మోడల్ కారుతో ఇన్నేళ్ల అనుభవం

ఈ బండిలో నీకు అన్నిటికన్నా నచ్చినది ఏమిటని ఎవరడిగినా నా జవాబు ఒక్కటే. స్పీడోమీటరు పక్కన ఒదిగి ఉండే ఇంజిన్ వేడి ముల్లు. కింద చల్లదనానికి ‘సీ’ అని, పైన వేడికి ‘హెచ్’ అని రెండు అక్షరాలు, మధ్యలో కొన్ని గీతలు, అంతే. దాని పుణ్యమా అని మా ఇంజిన్ హెడ్ (ఇంజిన్ పైభాగం) దించే అవసరం ఇప్పటిదాకా రాలేదు. సీట్లు, డిక్కీ, మైలేజీ గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాటిలో కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు. ముల్లు గురించి మాత్రం ఎవరూ రాయగా చూడలేదు.

పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, ఏపీ 04 నంబరు. 2013లో ప్రొద్దుటూరులో ఒక బట్టల వ్యాపారి దగ్గర కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేది ఆ కాలపు చిన్న కార్లన్నిటికీ వర్తిస్తుంది, పేరు చెబితే చర్చ దాని మీదికి పోతుంది.

ఇప్పుడొచ్చే చిన్న కార్లు చాలావాటిలో ఈ ముల్లు తీసేశారు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు నీలం దీపం వెలుగుతుంది, మరీ వేడెక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ రెండింటి మధ్య ఏం జరుగుతోందో నడిపేవాడికి తెలియదు. మా తమ్ముడి కొత్త బండిలో అదే ఏర్పాటు. ఎంత మంచి బండి అయినా, అందులో కూర్చున్నప్పుడల్లా నా కళ్లు లేని ముల్లు కోసం వెతుకుతాయి. మే నెలలో 43 డిగ్రీలు దాటే కడపలో ఇది చిన్న విషయం కాదు. ఇంజిన్ నీళ్లను చల్లబరిచే రేడియేటర్‌కు తగిలే గాలే అంత వేడిగా ఉన్నప్పుడు ఇంజిన్‌కు మిగిలే వెసులుబాటు తక్కువ. ఎర్ర దీపం వెలిగేసరికి జరగాల్సిన నష్టం సగం జరిగిపోయి ఉంటుంది.

ముల్లు విలువ మొదట తెలిసింది వేడిలో కాదు, చలిలో. కొన్న ఏడాది డిసెంబరులో తెల్లవారుజామున ప్రొద్దుటూరు వెళ్తుంటే, ఎంత దూరం పోయినా ముల్లు ‘సీ’ని వదలడం లేదు. ఊళ్లో నెమ్మదిగా నడిపితే కొంచెం లేచేది, రోడ్డెక్కగానే మళ్లీ పడిపోయేది. బండి చూపించిన గ్యారేజీలో ‘చల్లగా ఉంటే మంచిదే కదా సార్’ అన్నారు. మంచిది కాదు. ఇంజిన్ చల్లగా ఉందనుకున్నంతసేపు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాదు, అరుగుదల పెరుగుతుంది. మరో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి థర్మోస్టాట్ ఉండే గూడు విప్పిస్తే లోపల ఏమీ లేదు. పాత యజమాని కాలంలో ఎవరో దాన్ని తీసేసి గూడు ఖాళీగా బిగించారు.

థర్మోస్టాట్ అంటే లోపల మైనం ఉన్న చిన్న వాల్వ్. కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరుస్తూ తిరిగే మందు కలిపిన నీళ్లు, 82 డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చాక మైనం కరిగి, ఉబ్బి, వాల్వ్ తెరుచుకుంటుంది. అప్పటిదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వదు. ‘మన ఎండలకు ఇదెందుకు, తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది’ అని తీసి పారేసే అలవాటు మన వైపు ఎంతగా పాతుకుపోయిందో చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. కొన్ని ఇంజిన్లలో అది లేకపోతే నీళ్లలో కొంత భాగం రేడియేటర్ వైపు పోకుండా పక్కదారి పట్టి, ఎత్తు ఎక్కేటప్పుడు వేడి ఇంకా పెరుగుతుంది. కొన్ని వందల రూపాయల వస్తువు అది. కొత్తది వేయించిన మర్నాడే ముల్లు లేచి, సగానికి కొంచెం కింద కుదురుగా నిలబడింది. అప్పటినుంచి అదే దాని చోటు. మైలేజీ కూడా తెలిసేంతగా పెరిగింది.

థర్మోస్టాట్ వేయించిన రోజే రేడియేటర్ కూడా శుభ్రం చేయించాను. అందులో ఉన్నది కూలెంట్ కాదు, తుప్పు రంగు బోరు నీళ్లు. మా ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిగా పేరుకునే పొర ఉంటుందే, సరిగ్గా అదే పొర రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుని ఉంది. అప్పటినుంచి డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంట్ తప్ప మరొకటి పోయలేదు.

ఇక కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలోని గువ్వలచెరువు ఘాటు సంగతి. 2019 మే నెల, రాయచోటిలో పెళ్లి. నేను, నా భార్య, మా నాన్న, ఇద్దరు పిల్లలు, డిక్కీ నిండా సామాను. పొద్దున్నే బయలుదేరాల్సింది, బంధువులు వచ్చి ఆలస్యమై ఘాటు మొదలయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ముందు బండలు వేసుకున్న లారీ మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతోంది. పాలకొండల్లో ఆ మలుపుల దగ్గర దాన్ని దాటే ధైర్యం నేను చేయను. రెండో గేరులో, ఏసీ వేసుకుని దాని వెనకే వెళ్తున్నాం. అంత నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఎదురుగాలి అంటూ ఉండదు. రేడియేటర్ చల్లబడాలంటే ఫ్యానే దిక్కు. పైగా రేడియేటర్ ముందు ఏసీ కండెన్సర్ (ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే భాగం) వేడి గాలి వదులుతూ ఉంటుంది.

“నాన్నా, ముల్లు జరిగింది” అంది మా అమ్మాయి, వెనక నుంచి రెండు సీట్ల మధ్యకు తల పెట్టి. పిల్లలిద్దరికీ దాని చోటు చూపించి పెట్టడం నాకు అలవాటు. చూస్తే సగం గీత మీద ఉంది. మామూలు కళ్లకు అది తేడానే కాదు, గీత మందం అంత. కానీ థర్మోస్టాట్ వేయించాక అది ఆ గీతను తాకడం నేను చూడలేదు. వెంటనే ఏసీ ఆపి అద్దాలు దించాను. అయినా ముల్లు ఆగలేదు, సగం దాటి పైకి కదిలింది. ఆగుదామంటే వెనక బస్సు, పక్కన లోయ, జాగా లేదు. అప్పుడు హీటరు వేశాను. పూర్తి వేడి మీద పెట్టి, బ్లోయర్ చివరి అంకెకు తిప్పాను.

మే నెల మధ్యాహ్నం కారులో హీటరు ఎలా ఉంటుందో చెప్పి తెలియజేయలేను. కాళ్ల దగ్గర నుంచి కొట్టే గాలికి చెప్పుల పట్టీలు కాలుతున్నాయి. నాన్న తువ్వాలు తడిపి నెత్తిన వేసుకున్నారు. “పిల్లలున్నారు, పిచ్చిపట్టిందా నీకు” అన్నారు. నా భార్య మాత్రం ఒక్క మాట అనకుండా చిన్నవాణ్ని కిటికీ వైపు జరిపింది. పాత కార్లలో హీటరు అంటే డాష్‌బోర్డు లోపల ఉండే రెండో చిన్న రేడియేటరే. ఇంజిన్ వేడి నీళ్లే అందులో తిరుగుతాయి. దాని మీదుగా బ్లోయర్ ఎంత గాలి తోస్తే ఇంజిన్ నుంచి అంత వేడి తగ్గుతుంది. ముల్లు ఆగింది. రెండు మలుపులు దాటాక వెంట్రుకవాసి కిందికి కూడా వచ్చింది. ఆ తర్వాత వెడల్పైన చోటు దొరికితే పక్కకు తీసి ఇంజిన్ ఆపాను.

బానెట్ ఎత్తితే ఫ్యాన్ కదలికే లేదు. అక్కడే చెట్టు నీడన లారీ ఆపుకుని కూర్చున్న డ్రైవర్ ఒకాయన లేచి వచ్చాడు. “అన్నా, ఏం చేసినా సరే, మూత మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు” అంటూ చొక్కా చెయ్యి మడిచి, మోచేతి నుంచి మణికట్టు దాకా ముడతలుపడి మెరుస్తున్న చర్మం చూపించాడు. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి పైకి చిమ్ముతాయి. నాకు తెలిసిన విషయమే అయినా ఆ చెయ్యి చూశాక ఇక మరిచిపోయే మాట లేదు. పై హోస్ పైపును చేత్తో పట్టుకోగలిగేదాకా ఆగాం. నా భార్య ఆయనకు మజ్జిగ పోసి ఇచ్చింది.

పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకులో కూలెంట్ మట్టం సరిగ్గానే ఉంది, కాబట్టి నీళ్లు పోలేదు. ఫ్యూజు బాగానే ఉంది. ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్చు) లాగి చూస్తే ఒక కాలు దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకు మాడిపోయి ఉంది. దాని పక్క గూటిలో ఏసీ రిలే. అవే కాళ్లు, నెత్తిన అచ్చువేసిన అవే అంకెలు. ఎలాగూ ఏసీ వాడేది లేదు కదా అని దాన్ని తీసి ఫ్యాన్ గూటిలో పెట్టాను. ఇంజిన్ వేసి ముల్లు దాని చోటు కొంచెం దాటేదాకా చూస్తూ నిలబడ్డాం. టక్కుమని రిలే కొట్టుకుంది, ఫ్యాన్ ఒక్కసారిగా గుర్రుమంటూ అందుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. గువ్వలచెరువులో ఆగి పాలకోవా తిని, చెమటలతోనే అయినా ముహూర్తానికి ముందే రాయచోటి చేరాం. మర్నాడు అక్కడి ఆటో ఎలక్ట్రీషియన్ చెప్పిన దాని ప్రకారం అసలు కారణం రిలే కాదు. ఫ్యాన్ మోటారు అరిగిపోయి కరెంటు ఎక్కువ లాగుతోంది, ఆ వేడికి రిలే మాడింది. కడప వచ్చాక మోటారు కూడా మార్పించాను.

అదే దీపం మాత్రమే ఉన్న బండి అయితే ఏసీ వేసుకుని అలాగే ఎక్కుతూ పోయేవాళ్లం. అల్యూమినియం హెడ్ అతివేడికి వంగుతుంది, దాని కింద లీకులు ఆపే పొర, గ్యాస్కెట్, పోతుంది. ఆ తర్వాత హెడ్ దించడం, వంగిన హెడ్‌ను లేతు దగ్గర చదును చేయించడం, రోజుల తరబడి గ్యారేజీ చుట్టూ తిరగడం. మావాళ్లను ఆ ఎండలో రోడ్డు మీద నిలబెట్టకుండా కాపాడింది గీత మందమంత కదలిక.

అయితే ముల్లు ప్రతిసారీ నిజమే చెబుతుందని కూడా చెప్పలేను. రెండేళ్ల తర్వాత కడపలో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర కింది హోస్ క్లిప్పు వదులై కూలెంటంతా కారిపోయింది. అప్పుడు ముల్లు పైకి కాదు, కిందికి పోయింది. వేడి కొలిచే సెన్సరు నీళ్లలో మునిగి ఉంటేనే సరైన లెక్క చెబుతుంది, నీళ్లే లేకపోతే దానికి తగిలేది గాలి. ఆ రోజు కాపాడింది ముల్లు కాదు, ఏసీ గాలిలో తియ్యగా వచ్చిన కూలెంట్ వాసన. అందుకని ఇప్పుడు ముల్లు హఠాత్తుగా పడిపోయినా పైకి లేచినంత కంగారుగానే బండి ఆపుతాను. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కొంచెం జరిగితే మాత్రం ఇంజిన్‌ను అనుమానించక్కర్లేదు, ఎర్త్ వైరు బిగింపు చూపించుకోవాలి. మా బండిలో ఆ రోగం ఇప్పటికీ అప్పుడప్పుడు తిరగబెడుతుంది.

నిర్వహణ పెద్ద కష్టమేమీ కాదు. వారానికోసారి ఉదయం చల్లటి ఇంజిన్ మీద ట్యాంకు మట్టం చూస్తాను. రెండేళ్లకోసారి కూలెంట్, దానితోపాటు రేడియేటర్ మూత మారుస్తాను. మూత రబ్బరు గట్టిపడితే ఒత్తిడి నిలవదు, ఇది చాలామంది పట్టించుకోరు. ఎండాకాలం ముందు హోస్ పైపులను వేళ్లతో నొక్కి చూస్తాను. డ్యాష్‌బోర్డు పెట్టెలో స్పేరు రిలే ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

మిగతా బండి గురించి నాలుగు మాటలు. ఏసీ ముందు సీట్లకు చాలుతుంది, వెనక కూర్చున్నవాళ్లకు మధ్యాహ్నం చాలదు. బానెట్ మీద రంగు ఎండకు వెలిసిపోయింది. సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి, డోర్ లాక్ లాంటి చిన్నవాటికి మాత్రం పాత సామాన్ల కొట్లు తిరగాల్సి వస్తోంది. 2022లో 15 ఏళ్లు నిండాయి. ఆ ఏప్రిల్ నుంచే కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఐదేళ్లకోసారి మళ్లీ చేయించుకోవాలి.

ఇలాంటి బండి కొనమని అందరికీ చెప్పను. మాకు కుదిరిందంటే మా పరిస్థితి వేరు. రోజువారీ తిరుగుడు ఊళ్లోనే, దూరమంటే ప్రొద్దుటూరు, రాయచోటి. నాన్న మోకాళ్లకు దీని ఎత్తు సీటు అనుకూలం. వీధి చివరే నమ్మకమైన మెకానిక్ ఉన్నాడు. వారం వారం బెంగళూరు వెళ్లేవాళ్లకు, బానెట్ ఎత్తే ఓపిక లేనివాళ్లకు ఇది సరిపోదనే అనుకుంటున్నాను. ఒకవేళ చూడ్డానికి వెళ్లినా, ఉదయాన్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఇంకోరోజు వస్తామని చెప్పండి. మీరే స్టార్ట్ చేసి, ఊరి బయటిదాకా నడిపి, ముల్లు ఎంతసేపటికి లేచిందో, ఎక్కడ ఆగిందో, ఆగినచోట నిలబడిందో లేదో చూసుకున్నాకే ధర మాట్లాడండి.