వందేళ్లు దాటిన బర్మింగ్‌హామ్ డబుల్ బ్యారెల్: చెక్కుడు పని సరే, బ్యారెళ్ల సంగతి వినండి

పాత ఇంగ్లీష్ సైడ్ బై సైడ్ షాట్‌గన్ (రెండు గొట్టాలు పక్కపక్కనే ఉండే తుపాకీ) గురించి ఎవరు రాసినా పక్క పలకల మీద చెక్కిన గులాబీలు, తీగలు, వాల్‌నట్ కర్రలో చారలు, ఇవే ఫొటోలు. నా దగ్గరున్నదాని మీద చెక్కుడు పని పెద్దగా లేదు, ఉన్నదీ సగం అరిగిపోయింది. అయినా ఇన్నేళ్లుగా దీన్ని వదలబుద్ధి కావట్లేదంటే కారణం ఆ బ్యారెళ్లే. అందుకే ఇందులో దాదాపు వాటి గురించే రాస్తున్నాను.

పర్డీ, బాస్ లాంటి లండన్ కంపెనీల సైడ్‌లాక్‌లు (మెకానిజం పక్క పలకల మీద బిగించి ఉండే ఖరీదైన రకం) కొనే స్తోమత నాకు లేదు. నాది బర్మింగ్‌హామ్‌లో తయారై, పైన ఏదో చిన్న ఊరి కొట్టు పేరుతో అమ్ముడుపోయిన మామూలు 12 బోర్ (గొట్టం వెడల్పు కొలత) బాక్స్‌లాక్, అంటే మెకానిజం మధ్యలో పెట్టెలాంటి భాగం లోపల ఉండే రకం. అప్పట్లో ఇనుప సామాన్ల దుకాణం వాళ్లు కూడా బర్మింగ్‌హామ్ నుంచి తుపాకులు తెప్పించి తమ పేరు వేయించుకుని అమ్ముకునేవాళ్లు, అసలు చేసిన చేతులెవరివో దాని మీద ఎక్కడా ఉండదు. బ్యారెళ్ల కింది ముద్రల్ని బట్టి 1904 తర్వాతిది. 1921 నుంచి, తుపాకుల్ని పరీక్షించి ముద్ర వేసే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ వేస్తూ వచ్చిన సంవత్సరం కోడ్ లేదు కాబట్టి అంతకు ముందుది. లోపలి మెకానిజం 1875లో వెస్ట్‌లీ రిచర్డ్స్ అనే తుపాకుల కంపెనీలో పనిచేసిన ఆన్సన్, డీలీ ఇద్దరూ పేటెంట్ తీసుకున్న రకం, బ్యారెళ్లు కిందికి వంచితే ఆ కదలికకే లోపలి సుత్తులు ఎక్కుకుంటాయి. అది నన్ను ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు, అందుకే దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

ఇక బ్యారెళ్లు. తూటా కూర్చునే చోట మందంగా మొదలై, ముందుకు వెళ్లేకొద్దీ సన్నబడుతూ, చేతితో పట్టుకునే చోటు దాటాక ఒక దగ్గర గోడ మందం 0.6 మిల్లీమీటర్లకు దిగుతుంది. మా గన్‌స్మిత్ గేజ్ పెట్టి కొలిచి చూపించేదాకా నేనూ నమ్మలేదు. పొడవునా ఆకురాయితో చేత్తో రాసి రాసి అనవసరమైన ఇనుమంతా తీసేశారన్నమాట, అదీ ఎక్కడా గుంట పడకుండా. గొట్టం లోపల వంకర ఉందో లేదో చూడటానికి ఆ పనివాళ్లు కిటికీ వెలుగు వైపు పెట్టి లోపల పడే నీడ గీతలు చూసేవాళ్లు, నీడ విరిగిన చోట సుత్తితో కొట్టి సరిచేసేవాళ్లు. ఇదంతా చదవడానికి బాగుంటుంది గానీ దాని ఫలితం భుజానికి తెలుస్తుంది: మొత్తం తుపాకీ మూడు కిలోలు కూడా లేదు, బరువంతా రెండు చేతుల మధ్యే ఉంటుంది, పిట్ట లేచిన వైపుకి మనం తిప్పకముందే అది తిరిగినట్టు ఉంటుంది. క్లబ్బులో ఒక మిత్రుడి కొత్త ఓవర్ అండ్ అండర్ (ఒక గొట్టం మీద ఇంకోటి ఉండే రకం) పట్టుకుని వెంటనే దీన్ని తీసుకుంటే తేడా ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండు గొట్టాల్నీ కలిపేది పైనొకటి, కిందొకటి ఉండే రిబ్‌లు అనే సన్నటి పట్టీలు, వాటిని పట్టి ఉంచేది తగరం మాటు. ఈ మాటు బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. బ్యారెళ్ల కింద ముందు వైపు ఉండే చెక్కని తీసేసి, బ్యారెళ్లని కింది కొక్కెం దగ్గర ఒక వేలికి వేలాడదీసి, చెక్క పిడితోనో వేలి కణుపుతోనో కొట్టాలి. మన దగ్గర వేసవిలో కొత్త కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తామే, అలాగే. అతుకు గట్టిగా ఉంటే ఖంగుమని మోగి ఆ మోత కాసేపు నిలుస్తుంది, ఎక్కడైనా వదిలితే బొంగురుగా జర్రుమంటుంది. నేను కొన్నప్పుడు నాది ఖంగుమంది, చాలా కాలం అలాగే మోగింది. వచ్చినవాళ్లందరికీ మోగించి చూపించేవాణ్ని కూడా.

తర్వాత ఒక జనవరిలో, ఇక్కడ ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో ఒక పొలం గట్ల మీద, అడవికోడి లాంటి ఫెజంట్ పక్షుల కోసం రోజంతా వానలో తిరిగాం. ఇంటికొచ్చి ఎప్పటిలాగే విడదీసి, తుడిచి, నూనె రాసి, హీటర్‌కి దూరంగా ఆరబెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే కింది రిబ్ అంచు వెంబడి సన్నగా గోధుమరంగు నీళ్లు కారి ఉన్నాయి. తుడిస్తే కాసేపటికి మళ్లీ. వేలికి తగిలించి కొడితే జర్ర్. ఆ శబ్దం విన్నప్పుడు పడ్డ టెన్షన్ మామూలుది కాదు, ఎందుకంటే రెండు గొట్టాలకీ రెండు రిబ్‌లకీ మధ్య ఉన్నది ఖాళీ చోటు, అక్కడికి నీళ్లు చేరితే తుప్పు లోపలి నుంచి తింటుంది, బయటికి కనిపించేసరికి గోడే మిగలకపోవచ్చు. పైగా గోడ ఎంత పల్చనో ఇప్పుడే చెప్పాను కదా.

బర్మింగ్‌హామ్‌లో మా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన మోగించి చూడనైనా లేదు, బ్యారెళ్ల రంగు చూసే తల అడ్డంగా ఊపారు. అంత నిగనిగలాడే నలుపు పాత పద్ధతిది కాదట. పాత పద్ధతిలో తుప్పు పట్టించి, నీళ్లలో మరగబెట్టి, వైరు బ్రష్‌తో రుద్ది, మళ్లీ తుప్పు పట్టించి, అలా రోజుల తరబడి చేస్తే మెత్తటి నలుపు వస్తుంది. నాకంటే ముందు ఎవరి చేతుల్లోనో ఉన్నప్పుడు దీన్ని వేడి కాస్టిక్ ద్రావణంలో ముంచి గంటల్లో నల్లగా చేసిచ్చారు. ఆధునిక తుపాకులకి అది మామూలు పద్ధతే, వాటికేమీ కాదు. కానీ కాస్టిక్ తగరం మాటుని తినేస్తుంది, సందుల్లో దూరిన ఆ ద్రావణపు ఉప్పు ఎంత కడిగినా పోదు, తర్వాత ఏళ్ల తరబడి లోపల దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. రిబ్ ఊడదీసి చూపించారు: సగం పొడవున తగరమే లేదు, తెల్లగా పొడి పేరుకుని, దాని కింద చిన్న చిన్న గుంటలు. వందేళ్లకి పైగా నిలిచిన పనిని చవక రంగు కోసం ఇలా చేశారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అదృష్టం, గుంటలు లోతుగా లేవు. ఆయన గొట్టాల్ని తళతళలాడేలా శుభ్రం చేసి, కొత్తగా తగరం పూసి, పాత రిబ్‌లనే మళ్లీ కూర్చోబెట్టి, ఇనుప తీగతో చుట్టి, తీగ కింద మేకులు దోపి బిగించి, వేడి చేసి అతికించారు. తర్వాత పాత పద్ధతిలోనే నలుపు. బిల్లు తుపాకీ కొన్న ధరని దాటేసింది, ఇది అతిశయోక్తి కాదు, మామూలు బాక్స్‌లాక్‌లు ఇక్కడ వేలంలో అంత తక్కువకి పోతున్నాయి. లెక్క ప్రకారం చూస్తే బాగుచేయించకుండా ఇంకోటి కొనుక్కోవాల్సింది. కానీ ఆ ఇంకోదాని రిబ్‌ల కింద ఏముందో నాకెలా తెలుస్తుంది? దీని లోపల ఏముందో ఇప్పుడు కళ్లారా చూశాను. మోత తిరిగొచ్చింది. మునుపటంత పొడుగ్గా నిలుస్తోందా అంటే నా చెవికి కొంచెం తక్కువే అనిపిస్తుంది, మా ఆవిడ మాత్రం ఒకేలా ఉందంటుంది.

రెండు గొట్టాలూ నలభై గజాల దగ్గర ఒకే చోట గుండ్లు వేస్తాయని ఇదివరకు అందరికీ చెప్పేవాణ్ని. ఇనుప ప్లేటు మీద కొట్టి చూస్తే ఎడమది బెత్తెడు పక్కకి వేస్తోంది. మొదటి నుంచీ అంతేనా, రిపేరు తర్వాత వచ్చిందా చెప్పలేం. క్లేలు (గాల్లోకి విసిరే మట్టి బిళ్లలు) కొట్టేటప్పుడు తేడా తెలియదు. భుజానికి ఆనించే కర్ర కూడా నాకు అర అంగుళం పొట్టి, దానికి రబ్బరు ప్యాడ్ తొడిగి లాగిస్తున్నాను.

మన వైపు తాతల నాటి ఇంగ్లీష్ తుపాకీ ఇంట్లో లైసెన్సు మీద ఉన్నవాళ్లకి ఒక విషయం: వీటిలో చాలావాటి ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) పొడవు 65 మిల్లీమీటర్లే. 70 మిల్లీమీటర్ల తూటా అందులో హాయిగా దూరిపోతుంది, ఎందుకంటే పేల్చకముందు దాని మూతి మడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగానే ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరుగుతుంది. దూరింది కదా అని పేల్చకండి, ముందు తెలిసినవాళ్లతో కొలిపించండి.

కొనమంటారా అని అడిగితే, నాకు బర్మింగ్‌హామ్ కారులో గంట లోపే, రిబ్ ఊడదీసి మళ్లీ అతికించగల మనిషి అక్కడున్నాడు, నేను కొట్టేది కూడా ఎక్కువగా వారాంతం క్లేలే, తేలికపాటి తూటాలతో. ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా నా సలహా వేరుగా ఉండేది. సీసం గుండ్ల సంగతి కూడా ఉంది. సీసం విషం కదా, 2020లో ఇక్కడి షూటింగ్ సంఘాలు వేటలో వాటిని స్వచ్ఛందంగా మానేద్దామన్నప్పటి నుంచి ఆ చర్చ ఆగలేదు. స్టీల్ గుండ్లు దీనిలో వద్దే వద్దని మా గన్‌స్మిత్ తేల్చేశారు, ఎడమ గొట్టం చోక్ (మూతి దగ్గర ఇరుకయ్యే భాగం) మరీ బిగువు. మిగిలేది బిస్మత్ అనే లోహంతో చేసిన గుండ్లు, వాటి ధర వింటే ట్రిగ్గర్ మీద వేలు ఆగిపోతుంది. రేపు క్లేలకి కూడా సీసం దొరక్కపోతే దీన్ని శీతాకాలంలో నాలుగు ఫెజంట్లకి ఉంచుకుని, వారాంతాలకి నేనూ ఓ ఓవర్ అండ్ అండర్ కొనుక్కోవాల్సి రావచ్చు.