బడి పిల్లల చేతులు ఎరిగిన అంగడి – కావలి

కావలి ట్రంకురోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉన్న ఆటసామాన్ల అంగడి గురించి రాస్తున్నాను. పేరు రాస్తే ప్రకటన అనుకుంటారని రాయడం లేదు. బంతులు కుట్టే అంగడి ఎక్కడ అని అడిగితే ఆ చుట్టుపక్కల ఎవరైనా చూపిస్తారు. నేను దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిని. గత జూన్ నుంచి మా బడికి కావలసినవి ఇక్కడే కొంటున్నాను.

మొదటిసారి వెళ్లి నాలుగు వాలీబాల్స్ అడిగాను. కొట్టులోని పెద్దాయన బంతులు తీయలేదు. "ఎన్నో తరగతి పిల్లలకు టీచరమ్మా? ఆడపిల్లలా, మగపిల్లలా?" అని అడిగారు. ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలకు అన్నాను. పోటీల బంతి 260 నుంచి 280 గ్రాముల బరువుంటుంది. అలాంటివి రెండే ఇచ్చి, మిగతా రెండూ తేలికవి, పైతొడుగు మెత్తగా ఉన్నవి తీసుకోమన్నారు. వాటి ధర కూడా తక్కువే. గాలి నింపే ముందు సూదిని తడిపి, బంతిలోకి నిటారుగా దించి, పంపు కొట్టి, బొటనవేలితో నొక్కి చూపించారు. "నేర్చుకునే పిల్లలకు ఈమాత్రం లొంగాలి. రాయిలా ఉంటే రెండో రోజు రారు" అన్నారు.

ఆ మాట నిజమని ఆగస్టుకల్లా తేలింది. కొత్తగా ఆడే పిల్లలు బంతిని ముంజేతి మీద కాకుండా మణికట్టు ఎముక మీద తీసుకుంటారు. చేయి కందిపోతుంది. మరునాడు ఆటల పీరియడ్‌లో కడుపునొప్పి అని చెట్టు కింద కూర్చుంటారు. అంతకుముందు ఏడాది వేరొక చోట టోకుగా కొన్న గట్టి బంతులతో అలా ఎందరు కూర్చున్నారో నా హాజరు పుస్తకంలోనే ఉంది. బద్ధకం అనుకుని వాళ్లను కోప్పడ్డాను. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

బంతులకంటే మాకు ఎక్కువ ఉపయోగపడినవి టెన్నికాయిట్ రింగులు, అంటే తాడుకు అటూ ఇటూ నిలబడి విసిరి పట్టుకునే రబ్బరు చక్రాలు. రింగు 120 రూపాయలు, ఆరు కొన్నాను. మన నెల్లూరు జిల్లాలో పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఆ రోజుల్లో మా మైదానంలో కాలు పెట్టలేం. కుట్టిన బంతి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. రబ్బరు రింగును తుడిస్తే చాలు. వరండాలో రెండు స్తంభాలకు తాడు కట్టి ఆడించాను. ఇద్దరుంటే ఆట నడుస్తుంది. జట్టులో ఎవరు ఎవరిని పిలిచారు, చివరికి ఎవరు మిగిలారు అన్న గొడవే ఉండదు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు అలా మిగిలిపోవడం ఎంత కష్టమో వాళ్లతో రోజూ ఉండేవారికి తెలుసు.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఏ ఆటకూ లేచేది కాదు. తరగతిలో నిద్రపోతుందని ఉపాధ్యాయుల గదిలో అందరూ అనేవారు. నవంబరులో ఒక వానరోజు తనకు జోడీ లేకపోతే నేనే తాడుకు అటువైపు నిలబడ్డాను. "ఒంటిచేత్తోనే పట్టాలా టీచర్?" అని అడిగింది. అవునన్నాను. మొదటి పది విసుర్లు ఒక్కటీ పట్టుకోలేదు. తర్వాత ఒకటి వేళ్లకు చిక్కింది. ఆ రింగును వెంటనే విసరకుండా చేతిలోనే తిప్పుతూ, "మా అమ్మ కువైట్ వెళ్లింది టీచర్. నాలుగు నెలలైంది" అంది. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ తల్లికి పని ముగిసేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. ఆ ఫోను కోసం అమ్మాయి మేలుకుని ఉంటోంది, పగలు బల్ల మీద తల వాలుస్తోంది.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగి ఉంటే ఇది చెప్పేది కాదు. తరగతి ఉపాధ్యాయురాలు, నేను కలిసి అమ్మమ్మతో మాట్లాడాం. తల్లికి సెలవు దొరికే శుక్రవారం సాయంత్రం ఫోను చేసేలా కుదిర్చాం. డిసెంబరు నుంచి ఆ అమ్మాయి తరగతిలో నిద్రపోవడం మానింది, జోడీని తనే వెతుక్కుంటోంది.

రింగుతో అన్నీ తీరతాయని నేను అనడం లేదు. మనసు బాగాలేనప్పుడు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ, 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416, పిల్లల సహాయానికి ఉన్న 1098, రెండూ మా ఆటసామాన్ల గది తలుపు మీద రంగుతో రాయించాను. సామాన్ల కోసం అక్కడ రోజూ వరసలో నిలబడతారు కాబట్టి, ఎవరు ఆ నంబరు చూస్తున్నా ఎందుకని అడిగేవారుండరు.

ఇక అంగడిలో నచ్చనివి. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద ఉన్నత పాఠశాలకు ఆటసామాన్ల కోసం ఏటా 25,000 రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటు ఉంది. లెక్క చూపాలంటే సరైన బిల్లు కావాలి. వీరు మొదట చేతిచీటీ ఇచ్చారు, బిల్లు కోసం మళ్లీ రెండుసార్లు తిరిగాను. బడులకు అమ్మే అంగడి ఈ పని మొదటి రోజే చేయాలి. ఆడపిల్లల పాదాలకు సరిపోయే చిన్న కొలతల బూట్లు లేవు, తెప్పిస్తామన్నవి సంక్రాంతి దాటినా రాలేదు. నైలాన్ వల ఎండకు, ఉప్పుగాలికి ఏడాది తిరగకుండానే పిగిలిపోయింది.

మరమ్మతు మాత్రం గొప్పగా చేస్తారు. కుట్టు విడిన బంతిని 80 రూపాయలకు మైనపుదారంతో కుట్టి ఇచ్చారు. ఇప్పటికీ విడలేదు. "కొత్తది కొనండి" అని ఒక్కసారి కూడా అనలేదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. సంక్రాంతి తర్వాత పదో తరగతికి ఆటల పీరియడ్ తీసి లెక్కలకు ఇవ్వడం చాలాచోట్ల అలవాటు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పట్టికలో వారం మొత్తానికి దక్కేది అందులో కొద్ది భాగం, అదీ పరీక్షల భయం ఎక్కువగా ఉన్న నెలల్లో తీసేస్తున్నాం. ఈసారి నేను ప్రధానోపాధ్యాయుల దగ్గర పట్టుబట్టి ఆ పీరియడ్ ఉంచాను.

వచ్చే వారం మళ్లీ కావలి వెళ్తున్నాను. ఈసారి ఏడు రింగులు. ఆరు బడికి, ఏడోది నా డబ్బుతో. సెలవుల్లో తమ్ముడితో ఆడుకోవడానికి ఒకటి కావాలని ఆ అమ్మాయి అడిగింది.