సైలెన్సర్‌కి "హీట్ ప్రూఫ్" పెయింట్ వేయిస్తున్నారా? డబ్బులిచ్చే ముందు ఇవి చూసుకోండి

తుప్పు పట్టిన సైలెన్సర్‌ని నల్లగా నిగనిగలాడేలా చేసి చేతికిస్తారు. నాలుగు రోజులు బండి తిరిగేసరికి ఇంజన్ దగ్గర బెండ్ పైప్ మీద జానెడు మేర రంగు వెలిసిపోయి, పొక్కులు లేచి, గోటితో గీకితే పొరలుగా ఊడొస్తుంది. కింద అదే పాత తుప్పు.

ముందు డబ్బా చూపించమనండి. మామూలు స్ప్రే పెయింట్ 150 డిగ్రీల దగ్గరే చేతులెత్తేస్తుంది. బరువుతో బండి లాగేటప్పుడు బెండ్ పైప్ వేడి 300 దాటుతుంది. కావాల్సింది 600 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ రకం. ఇది ఎక్కువగా మ్యాట్‌గానే ఉంటుంది కాబట్టి, కారు బాడీలా మెరుస్తుంటే అనుమానించండి. డబ్బా మీద డిగ్రీల అంకె మాత్రమే ఉండి, కాల్చి గట్టిపరిచే పద్ధతి రాసి లేకపోతే కొనకండి. మామూలు పౌడర్ కోటింగ్ కూడా బెండ్ పైప్‌కి పనికిరాదు, దాన్ని గట్టిపరిచేదే 200 డిగ్రీల దగ్గర.

అసలు కక్కుర్తి కాల్చడం దగ్గరే. సిలికాన్ పెయింట్ చేతికి అంటకపోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు, వేడి తగిలితేనే ఇనుముని పట్టుకుంటుంది. ఓవెన్‌లో 120, 200, 315 డిగ్రీల దగ్గర అరగంట చొప్పున కాల్చాలి, మధ్యలో అరగంట చల్లారనివ్వాలి. ఓవెన్ లేకపోతే బండి మీదే చేయొచ్చు: 10 నిమిషాలు ఐడిల్ (బండి కదలకుండా ఇంజన్ ఆన్‌లో ఉంచడం), 20 చల్లార్చడం, మళ్లీ 20 ఐడిల్, 20 చల్లార్చడం, ఆపైన అరగంట నడపడం. ఆరుబయటే చేయండి, పొగ బాగా వస్తుంది. మీ డబ్బా మీద వేరేలా ఉంటే దాన్నే పాటించండి. ఇది అయ్యేదాకా నీళ్లు, పెట్రోల్ తగలనివ్వొద్దు.

తుప్పుని వైర్ బ్రష్‌తో, 80 నంబర్ ఎమరీతో, తర్వాత 220తో తెల్లటి ఇనుము కనిపించేదాకా తీయాలి. లేచిన క్రోమ్ మొత్తం పోవాలి. థిన్నర్‌తో తుడిచాక ఉత్త చేత్తో ముట్టుకోకూడదు: చెమట వేలు పడితే మొదటి వేడికే వేలిముద్ర ఆకారంలో మచ్చ తేలుతుంది. కింద రెడ్ ఆక్సైడ్, పుట్టీ పూస్తే అవే ముందు కాలిపోతాయి. పెయింట్ పల్చగా రెండు మూడు కోట్లు చాలు. మందంగా కొడితే లోపల చిక్కుకున్న థిన్నర్ మరిగి గుండుసూది తలంత పొక్కులు లేస్తాయి.

బీఎస్6 బండ్ల వాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. శాండ్ బ్లాస్టింగ్‌కిచ్చేముందు పైప్ మూతులు రెండూ గట్టిగా బిగించమనండి, లేకపోతే ఇసుక లోపలుండే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషవాయువుల్ని తగ్గించే భాగం) గళ్లలోకి పోతుంది. పైప్‌కి ఉండే ఆక్సిజన్ సెన్సర్‌ని కూడా ముందే విప్పించి పక్కన పెట్టించండి.

ఇంకొకటి, సైలెన్సర్ లోపల్నుంచి తుప్పు పడితే ఏ పెయింటూ ఆపలేదు. పెట్రోల్ మండితే నీరు పుడుతుంది, దగ్గర దూరాలకే తిరిగే బండ్లలో అది ఆవిరవక అడుగున నిలుస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో అడుగున గట్టిగా నొక్కండి. లోపలికి దిగితే ఆ డబ్బు కొత్త సైలెన్సర్‌కి దాచుకోండి. గట్టిగా ఉంటే ఏ పెయింట్ వేశారో, కాల్చారో లేదో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే పైప్ తీసుకుని వచ్చేయండి.