అవార్డుల జోస్యాలతో స్పానిష్ సబ్జంక్టివ్: కొన్నేళ్ళు వాడి చూశాక

స్పానిష్ సబ్జంక్టివ్, అంటే కోరిక, సందేహం లాంటివి చెప్పేటప్పుడు క్రియ మారే రూపం, పట్టుబడాలంటే వర్క్‌బుక్ కాసేపు పక్కన పెట్టి, గోయా అవార్డుల నామినేషన్ల జాబితా ముందేసుకుని కూర్చోండి. వర్క్‌బుక్కులు, యాప్‌లు, ఫ్లాష్‌కార్డులు, వారాంతపు ఆన్‌లైన్ క్లాసులు అన్నీ వాడాను, వాటిలో కొన్ని బాగున్నాయి కూడా, కానీ తడుముకోకుండా మాట్లాడేలా చేసింది మాత్రం ఇదే. కొన్ని అవార్డుల సీజన్లుగా మానకుండా చేస్తున్నాను కాబట్టి ఇందులో ఏది పనిచేస్తుందో ఏది చేయదో వివరంగా చెబుతాను.

పద్ధతి సింపుల్. గోయా అంటే స్పెయిన్ సినిమా అకాడమీ ఇచ్చే అవార్డులు, మొదటి వేడుక 1987లో జరిగింది, ఈ మధ్య ఫిబ్రవరిలో జరుపుతున్నారు. నామినేషన్లు రాగానే ఐదారు విభాగాలు ఎంచుకుని, పోటీలో ఉన్న ఒక్కొక్కరూ గెలుస్తారో లేదో ఒక్కో వాక్యం స్పానిష్‌లో రాస్తాను. స్పెయిన్‌లోని వయ్యదోలిద్ నగరంలో ఉండే ఒక స్నేహితురాలు నాతో ఇంగ్లీషు ప్రాక్టీసు చేస్తుంది, నేను ఆమెతో స్పానిష్, కాబట్టి ఆ వాక్యాలే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లుగా పంపుతాను, ఆమె తన జోస్యాలు పంపుతుంది. షరతు ఒక్కటే, చెప్పేది మనం నిజంగా నమ్మేదై ఉండాలి. ఫలితాలు వచ్చాక అవే వాక్యాలను మళ్ళీ కొత్తగా చెప్పాలి.

ఆ షరతే ఈ పద్ధతికి ప్రాణం. ఇంగ్లీషు వెబ్‌సైట్లు చాలావాటిలో వియర్డో అని ఒక జాబితా ఉంటుంది, కోరిక, భావోద్వేగం, సందేహం, సలహా, ఇలా ఏ మాట తర్వాత సబ్జంక్టివ్ వస్తుందో బట్టీ పట్టడానికి. అది పరీక్షకి పనికొస్తుంది, మాట్లాడేటప్పుడు ఎవరికీ గుర్తురాదు. అదే ఫలానా నటికి అవార్డు వస్తుందా అని ఎవరైనా అడిగితే ముందు మన మనసులో ఒక తూకం పడుతుంది. ఖాయం అనుకుంటే 'క్రెయో కె గానా' (గెలుస్తుందనుకుంటా) అంటాం, అది మామూలు ఇండికేటివ్, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే క్రియారూపం. నమ్మకం లేకపోతే 'నో క్రెయో కె గానే', అనుమానమైతే 'దుదో కె గానే', రావాలని కోరుకుంటే 'ఎస్పెరో కె గానే' లేదా 'ఓహలా గానే'. గానా, గానే మధ్య తేడా ఒక్క అచ్చు, ఆ అచ్చులోనే మన నమ్మకం ఎంతో తెలిసిపోతుంది. నిజంగా అభిమానించే సినిమా గురించి మాట్లాడుతున్నప్పుడు ఆ తేడా వ్యాకరణ సూత్రంలా అనిపించదు, మన అభిప్రాయంలా అనిపిస్తుంది.

తెలుగువాళ్ళు ప్రత్యేకంగా గమనించాల్సిన సంగతి ఇంకోటుంది, ఇది నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. మనం సహజంగా 'గెలవదనుకుంటా' అంటాం, 'గెలుస్తుందని అనుకోవట్లేదు' అనడం తక్కువ. ఆ అలవాటే స్పానిష్‌లోకి వస్తే నోట్లోంచి 'క్రెయో కె నో గానా' అని వస్తుంది. అది తప్పేమీ కాదు, వ్యాకరణం సరిగ్గానే ఉంది, కానీ అందులో సబ్జంక్టివ్ అసలు రాదు, పైగా ఓడిపోతుందని కచ్చితంగా తేల్చి చెప్పినట్టు ఉంటుంది. 'నో క్రెయో కె గానే' అంటే గెలుస్తుందన్న నమ్మకం నాకు లేదు అని, కొంచెం మెత్తగా. మా స్నేహితురాలు ఎక్కువగా వాడేది ఈ రెండోదే. మన పద్ధతిలో వెళితే సబ్జంక్టివ్‌ను తెలియకుండానే తప్పించుకుంటూ ఏళ్ళు గడిపేయొచ్చు. అందుకే కాదన్న మాటను ముందుకు తెచ్చి చెప్పడం పనిగట్టుకుని అలవాటు చేసుకోవాలి, అందుకు జోస్యాల కంటే మంచి చోటు లేదు, ఎందుకంటే ఒక విభాగంలో గెలిచేది సాధారణంగా ఒక్కరే, మిగతావాళ్ళందరికీ 'నో క్రెయో' వాక్యమే కావాలి.

అలాగే మన 'గెలుస్తుందేమో' ఒక్కటే గానీ స్పానిష్‌లో దానికి రెండు దారులు. 'కిసాస్ గానే' అనొచ్చు, 'అ లో మెహోర్ గానా' అనొచ్చు. మొదటిదాని తర్వాత సబ్జంక్టివ్ మామూలే, రెండోదాని తర్వాత ఇండికేటివ్ మాత్రమే. ఎందుకు అని అడిగితే ఆమె దగ్గరా సమాధానం లేదు, చెవికి అలవాటైంది అంతే. ఇలాంటివి పదిమంది నామినీల మీద తిప్పితిప్పి వాడితేనే మనకీ చెవికి అలవాటవుతాయి.

మరి ఏ ఏడాదైనా ఇది ఒకేలా పనిచేస్తుందా అంటే, చేయదు. 2024లో వేడుక వయ్యదోలిద్‌లోనే జరిగింది, సొంతూరు కాబట్టి ఆమె ఉత్సాహం అంతా ఇంతా కాదు. కానీ ఆ ఏడాది 'లా సొసియెదాద్ దె లా నియెవె' అనే సినిమా 13 నామినేషన్లలో 12 గెలిచింది. ముందు నుంచే గాలి అటే ఉంది కాబట్టి మా జోస్యాలన్నీ 'సెగూరో కె గానా' (గెలవడం ఖాయం) దగ్గరే తిరిగాయి. అనుమానం లేనిచోట సబ్జంక్టివ్‌కి పనేముంటుంది? 2025లో గ్రనాదా నగరంలో జరిగినది దానికి పూర్తిగా వ్యతిరేకం. 'ఎల్ 47' సినిమాకి 14 నామినేషన్లు, 'లా ఇన్‌ఫిల్త్రాదా'కి 13, ఎటూ తేల్చలేని పోటీ. 'ఎస్ పొసీబ్లె కె' (కావచ్చు), 'నో మె సోర్ప్రెందెరీయా కె గానారా' (గెలిచినా ఆశ్చర్యపోను), 'ఔంకె నో గానే' (గెలవకపోయినా) అంటూ నెలంతా వాయిస్ మెసేజ్‌లు ఎగిరాయి. స్పెయిన్‌లో రాత్రి పదికి మొదలయ్యే వేడుక మనకి తెల్లవారుజామున రెండున్నర, అయినా మేలుకుని చూశాను. ఉత్తమ చిత్రం రెండింటికీ కలిపి ఇచ్చారు. గోయా చరిత్రలో ఉత్తమ చిత్రానికి అలా జరగడం అదే మొదటిసారి. మా ఇద్దరి జోస్యాల్లో ఎక్కడా బహువచనంలో 'గానెన్' లేదు, ఇద్దరం ఏకవచనంలోనే ఊహించాం. ఆ మర్నాడు ఆమె పంపిన మొదటి మెసేజ్ 'మె ఎంకాంతా కె ఆయాన్ గానాదో లాస్ దోస్', రెండూ గెలవడం తనకి భలే నచ్చిందని.

ఆ 'ఆయాన్ గానాదో' చూశారా, ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. వర్క్‌బుక్‌లో ప్రతి కాలానికీ వేరే అధ్యాయం, వేరే ఉదాహరణలు, ఒకదానికొకటి సంబంధం ఉండదు. ఇక్కడ ఒకే ఆశ మూడు రూపాలు మారుతుంది. ముందు రోజు 'ఎస్పెరో కె గానే'. గెలిస్తే 'మె అలెగ్రో దె కె ఆయా గానాదో', గెలిచినందుకు సంతోషం అని. ఓడిపోతే 'ఓహలా ఉబియేరా గానాదో', గెలిచి ఉంటే బాగుండేది అని. తేదీ మారింది కాబట్టి క్రియ మారక తప్పదు, ఎవరూ చెప్పక్కర్లేదు.

మన సినిమాతో చేసి చూస్తే ఇది ఇంకా బాగా ఎక్కుతుంది. 2023 జనవరి గోల్డెన్ గ్లోబ్స్ గుర్తుందిగా, ఇంగ్లీషేతర చిత్రాల విభాగంలో ఆర్ఆర్ఆర్, 'అర్హెంతీనా, 1985' ఒకే వరసలో పోటీపడ్డాయి. ఒకటి మనది, ఇంకోటి నేను నేర్చుకుంటున్న భాషది. అవార్డు అర్జెంటీనా సినిమాకి వెళ్ళింది, అదే రాత్రి నాటు నాటు ఉత్తమ గీతం గెలిచింది. 'లాస్తిమా కె నో ఆయా గానాదో లా పెలీకులా, పెరో మె అలెగ్రో దె కె ఆయా గానాదో లా కాన్సియోన్'. సినిమాకి రాలేదని బాధ, పాటకి వచ్చిందని సంతోషం, రెండూ ఒకే వాక్యంలో, రెండూ సబ్జంక్టివ్‌లో, కీరవాణి స్టేజీ ఎక్కడం చూస్తూ ఇది చెప్పుకుంటే ఇక మర్చిపోతామా. ఆ తర్వాత మార్చి దాకా 'ఓహలా గానే తాంబియెన్ ఎల్ ఓస్కర్', అది కూడా గెలిచాం. ఆ ఏడాది ఆస్కార్‌కి మన దేశం అధికారికంగా పంపింది గుజరాతీ చిత్రం ఛెల్లో షో. ఆర్ఆర్ఆర్‌ను పంపి ఉంటే వచ్చేదేమో అని మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు అనుకున్నామో. దాన్నే స్పానిష్‌లో చెప్పండి: 'సి లా ఉబియేరాన్ ఎంబియాదో, కిసాస్ ఆబ్రీయా గానాదో'. వ్యాకరణ పుస్తకంలో చివరి అధ్యాయాల్లో ఉండే వాక్యం ఇది, భయపెట్టేది. మన కడుపులో ఉన్న మాట కాబట్టి సులువుగా వచ్చేస్తుంది.

చాలామంది తడబడే ఇంకో చోటు కూడా ఇక్కడే సర్దుకుంటుంది. 'సి గానా' అనాలి, 'సి గానే' అనకూడదు. కానీ 'కువాందో గానే' అనాలి. గెలిస్తే, గెలిచినప్పుడు, రెండూ ఇంకా జరగనివే కదా అని మనకి అనిపిస్తుంది. పది వాక్యాలు 'సి'తో, పది 'కువాందో'తో చేసి పైకి గట్టిగా చదివితే నాలుక దానంతటదే దారి పట్టేస్తుంది, దీనికి వేరే ఉపాయం నాకు తెలియదు.

లోపాలు కూడా చెప్పాలి. అన్నిటికన్నా పెద్దది, మొత్తం ప్రథమ పురుషే. గానే, గానెన్, సెయా, ఆయా, సె లో దెన్, వీటికి ఢోకా లేదు, కానీ నువ్వు, మనం అన్న రూపాలు దాదాపు రావు. దీనికోసం నటీనటులతో నేరుగా మాట్లాడుతున్నట్టు 'ఎస్పెరో కె గానెస్' అని కొన్ని వాక్యాలు కలుపుతున్నాను, కొంతవరకు నయం. సలహాలు, ఆజ్ఞలు ఇందులో అసలు రావు, ఆఫీసు మెయిల్‌లో 'మీరు ఇది పంపాలని కోరుతున్నాను' అని రాయడానికి ఇది సాయపడదు. రెండోది, సీజన్ చిన్నది. గోయా, ఆస్కార్ అయిపోయాక వసంతమంతా ఖాళీ. సెప్టెంబరులో సాన్ సెబాస్టియన్ చలనచిత్రోత్సవం, నవంబరులో లాటిన్ గ్రామీలు ఉంటాయి, సంగీతం వినేవాళ్ళకి ఆ లాటిన్ గ్రామీలు చాలు. మూడోది, దిద్దే మనిషి లేకపోతే ఇది సగమే పనిచేస్తుంది. ఒంటరిగా రాసుకుంటే 'క్రెయో' వాక్యాల్లోనే హాయిగా ఉండిపోతాం.

స్పెయిన్ పత్రికలు అవార్డుల ముందు వేసే జోస్యాలను కినియెలా అంటారు, అవి కూడా చదవండి. అక్కడ ఎక్కువగా 'గానరా' (గెలుస్తుంది, చివరి అచ్చు నొక్కి పలకాలి) అని భవిష్యత్తులో ధీమాగా రాస్తారు, సబ్జంక్టివ్ ఎక్కువ కనిపించదు. విమర్శకుడు వెనక్కి తగ్గిన చోట మాత్రం 'ఎస్ ప్రొబాబ్లె కె సె లో యేవె' (బహుశా తనకే దక్కొచ్చు) లాంటివి దొరుకుతాయి. ఆ వాక్యాల కింద గీత గీసుకోవడం నాకు మంచి ప్రాక్టీసు అయ్యింది.

వర్తమాన కాలం, రెండు భూతకాలాలు బాగా వచ్చినవాళ్ళకి ఇది ఇప్పుడే మొదలుపెట్టమంటాను. ఇంకా 'ఉండడం' అనే అర్థమిచ్చే రెండు మొదటి క్రియలు 'సెర్', 'ఎస్తార్' దగ్గరే ఉన్నవాళ్ళకి వద్దు, విసుగొస్తుంది. మొదలుపెట్టేవాళ్ళు ఉత్తమ చిత్రం జోలికి వెళ్ళకండి, దాని గురించి అందరూ చెప్పే మాటలే మన నోటికీ వస్తాయి. సహాయ నటి విభాగంతోనో, కొత్త దర్శకుల విభాగంతోనో మొదలుపెట్టి, అందులో కనీసం రెండు సినిమాలు చూసి, ఎవరు గెలవాలో మీకంటూ ఒక పట్టుదల వచ్చాక మొదటి వాక్యం రాయండి.