చిల్లచెట్లు తీయించడానికి గొడ్డలి మేలా, జేసీబీ మేలా?

కనిగిరి వైపు మాకు మూడెకరాల మెట్ట ఉంది. నాన్న సేద్యం మానేశాక తొమ్మిదేళ్లు బీడు పడి, గట్టేదో పొలమేదో తెలియనంతగా చిల్లచెట్లు అల్లుకుపోయాయి. తెలంగాణలో సర్కారు తుమ్మ అన్నా, ఇంకోచోట కంపచెట్లు అన్నా చెట్టు ఇదే. దీని సొంతూరు మెక్సికో, మధ్య అమెరికా. 1870ల్లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు వంటచెరకు కోసమని విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర వేయించారు. ఇప్పుడు ఆ ఖర్చు మన నెత్తిన పడింది.

మొదటి ఏడు కూలీలతో కొట్టించాను. ఐదుగురు, ఆరు రోజులు. పొలం అద్దంలా కనిపించింది. వానలు పడగానే ప్రతి మోడు చుట్టూ పది చిగుర్లు! ఒక్క కాండం ఉన్న చెట్టు కాస్తా గుబురు పొదయింది. దీని కిటుకంతా నేలలోపల ఉంది. కాండం వేరుతో కలిసే చోట, మట్టికి కాస్త కిందుగా, మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి. పైన నరికితే అవి లేస్తాయి. అందుకే నేలబారుగా ఎంత నున్నగా కోసినా లాభం లేదు. జానెడు లోతున వేరు తెగాలి. రంపం మిషన్ అయినా ఇంతే, పని తొందరగా అవుతుంది, చిగురూ తొందరగానే వస్తుంది. నిప్పు పెట్టినా మోడు చావదు, పక్క రైతు డ్రిప్పు పైపులు కాలితే గొడవ అదనం.

రెండో ఏడు జేసీబీ పెట్టాను. మా వైపు గంటకు 1,300 తీసుకున్నారు, ఎకరానికి ఏడు గంటలు పట్టింది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డ్రైవర్లకు ముందు బకెట్‌తో తోసుకుంటూ పోవడం ఇష్టం, చూడ్డానికి జోరుగా ఉంటుంది. కానీ చెట్టు మొదట్లో విరిగి వేరు లోపలే ఉండిపోతుంది, పైగా చెట్టుతో పాటు మంచి మట్టి కూడా గట్టు మీదికి పోతుంది. నాకు సగం ఎకరం అలాగే పాడైంది, నేను టీ తాగడానికి వెళ్లిన గంటలో. మిగతాది దగ్గరుండి వెనక బకెట్‌తో ఒక్కో మొదలూ తవ్వించి, మట్టి దులిపించి, పక్కన పడేయించాను. ఆ భాగంలో చిగుర్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేల బాగా తడిగా ఉన్నప్పుడు మాత్రం బండి దించకండి, చక్రాల కింద నేల అణిగి గట్టిపడుతుంది.

మూడో దారి బొగ్గు కాల్చేవాళ్లకు ఇవ్వడం. మన చేతి నుంచి పైసా పడదు, చెట్లు లావుగా ఉంటే వాళ్లే మనకు ఎదురు డబ్బులిస్తారు. అయితే వాళ్లకు కావాల్సింది లావు కర్ర. సన్నవి ముట్టరు, మోడు తవ్వరు. బట్టీ పెట్టిన చోట మట్టి ఇటుకలా కాలిపోతుంది కాబట్టి పొలంలో ఓ మూల చోటు ముందే చూపించాలి.

గడ్డి మందు కొడితే సరిపోతుందని షాపులో ఎవరైనా చెప్తే నమ్మకండి. గడ్డి మందుగా అమ్మే గ్లైఫోసేట్ వాడకం మీద 2022లో కేంద్రం ఆంక్షలు పెట్టింది.

ఇప్పుడు నన్నడిగితే, లావు చెట్లున్న పొలమైతే ముందు బొగ్గువాళ్లకిచ్చి, ఆ తర్వాత మోళ్లకు మాత్రమే జేసీబీ పెట్టడం చవక. ముంజేయి లావు దాటని మొక్కలైతే జేసీబీ దండగ. తొలకరి తర్వాత నేల మెత్తబడ్డప్పుడు ఇద్దరు మనుషులు, రెండు గడ్డపారలు చాలు. ఏది చేసినా కాయలు పండి రాలకముందే చేయాలి. ఆ తియ్యటి కాయల్ని మేకలు, గొర్రెలు ఇష్టంగా తింటాయి, గింజలు పేడలో పడి మొలుస్తాయి. మేకలు తోలితే కంప పోతుందని మా ఊళ్లో కొందరి నమ్మకం. ఆకు జోలికి అవి పెద్దగా పోవు, పెంచేది మాత్రం అవే.

నల్లతుమ్మ, వేప, చింత మధ్యలో ఉంటే ముందే సున్నం గుర్తు పెట్టించండి. జేసీబీకి అన్నీ ఒకటే. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) ప్రకారం చెట్లు కొట్టడానికి ముందుగా అనుమతి కావాలి. ఏ జాతులకు మినహాయింపు ఉందో ఫారెస్టు వాళ్లను అడిగాకే పని మొదలుపెట్టాలి.

నా పొలంలో ఇప్పుడు కంది ఉంది. తూర్పు గట్టు అవతల మాత్రం పక్కాయన పొలం నిండా చిల్లే, కాయలన్నీ నా వైపు రాలుతున్నాయి. ఆయన బెంగళూరులో ఉంటారు. ఫోన్ చేస్తే "పండక్కి వచ్చినప్పుడు చూద్దాంలే తమ్ముడూ" అంటారు. ఏ పండగో అడగలేదు.